‘రాజుల’ ఓడ నేర్పిన లెక్క

పిల్లలూ! మన అమీర్‌పేట నుంచి బయలుదేరి సముద్రం చూడాలంటే మచిలీపట్నం దాకా మూడువందల కిలోమీటర్లకు పైగా పోవాలి. మీలో చాలామందికి ఓడ అంటే సినిమాలో చూసిన టైటానిక్, పడవ అంటే హుస్సేన్‌సాగర్‌లో తిరిగే లాంచీ. అలాంటి మనకు ఓడల సంగతి ఎందుకని అడుగుతారేమో! అడగండి. ఈ వ్యాసం అలాంటి ప్రశ్నతోనే మొదలయింది.

ఒకరోజు తొమ్మిదవ తరగతికి ఉత్ప్లవన బలం పాఠం చెబుతున్నాను. బల్ల మీద ‘టైటానిక్ - 46,328 టన్నులు’ అని రాసి, ‘ఇంత బరువున్న ఇనుప ఓడ నీటిలో ఎలా తేలింది?’ అని అడిగాను. వెనుక వరుసలోని ఒక అమ్మాయి లేచి నిలబడింది. “సార్, ఎప్పుడు చూసినా టైటానిక్ సంగతే చెప్తారు. మన తెలుగువాళ్ళు ఎక్కిన పెద్ద ఓడ ఏదీ లేదా?”

నా దగ్గర జవాబు లేదు. రేపు చెబుతానన్నాను. ఆ ‘రేపు’ రావడానికి చాలా రోజులు పట్టింది. వెతకగా ఒక ఓడ దొరికింది. దానితోపాటు, ఏళ్ళ తరబడి నేను బల్ల మీద రాస్తున్న వాక్యంలోని తప్పు కూడా దొరికింది. రెండూ మీకు చెబుతాను.

పేరు ‘రాజుల’, ఎక్కినవారు కూలీలు

ఆ ఓడ పేరు ‘రాజుల’. మన భాషలో ఈ మాటకు వేరే అర్థం తోస్తుంది కాని, ఓడకు ఆ పేరు రాజులను తలచుకొని పెట్టినది కాదు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ తన ఓడలలో చాలావాటికి ‘ఆ’ శబ్దంతో ముగిసే మన దేశపు ఊళ్ళ పేర్లు పెట్టేది. రాజుల అనేది గుజరాత్‌లోని ఒక ఊరు.

1926లో బ్రిటన్‌లోని గ్లాస్గో నగరంలో బార్‌క్లే కర్ల్ అనే సంస్థ ఈ ఓడను కట్టింది. పొడవు 140 మీటర్లకు పైన, వెడల్పు సుమారు 19 మీటర్లు. మద్రాసు నుంచి నాగపట్నం, పెనాంగ్, పోర్ట్ స్వెటెన్‌హామ్ మీదుగా సింగపూరు వరకు, మళ్ళీ అదే దారిన వెనక్కు. యుద్ధకాలం మినహా తన జీవితమంతా ఇంచుమించు ఈ దారిలోనే నడిచింది.

అప్పటి మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, రబ్బరు తోటలకూ కొబ్బరి తోటలకూ పనివాళ్ళు కావలసివచ్చారు. తమిళులు ఎక్కువగా పోయారు. వారితోపాటు విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల తెలుగువారు కూడా వేలమంది పోయారు. తోటలకు మనుషులను కూడగట్టే మేస్త్రీని కంగాణీ అనేవారు. కంగాణీ మాట నమ్మి, ఊరు విడిచి, మద్రాసు రేవుకు చేరి ఓడ ఎక్కేవారు. 1938లో భారత ప్రభుత్వం ఇలా కూలీలను మలయాకు పంపడాన్ని నిలిపివేసింది. అప్పటికే వెళ్ళినవారిలో కొందరు తిరిగివచ్చారు, చాలామంది అక్కడే ఉండిపోయారు. వారి మనుమలు, మునిమనుమలు ఈనాటికీ మలేషియాలో తెలుగు మాట్లాడుతున్నారు, ఉగాది జరుపుకుంటున్నారు. వారు పోయిన దారి ‘రాజుల’ నడిచిన దారే.

ఈ ఓడలో మొదటి, రెండవ తరగతులకు కొన్ని గదులు ఉండేవి. మిగిలినవారంతా డెక్కు ప్రయాణీకులు. డెక్కు అంటే ఓడలోని అంతస్తు. డెక్కు టికెట్టు కొన్నవారికి గది లేదు, మంచం లేదు. చాప పరుచుకున్నంత మేరే వారి చోటు. తొలినాళ్ళలో ఈ ఓడ ఐదువేల మందికి పైగా డెక్కు ప్రయాణీకులను ఎక్కించుకోవడానికి అనుమతి పొందింది!

ఐదువేలమంది అంటే ఎంతమందో ఊహించండి. సాయంత్రం వేళ మన అమీర్‌పేట మెట్రో స్టేషనులో ఒక రైలు కిక్కిరిసి వస్తుంది చూశారా? మూడు పెట్టెల ఆ రైలులో సుమారు వెయ్యిమంది పడతారు. అలాంటి ఐదు రైళ్ళ జనం ఒకే ఓడలో! పైగా మెట్రోలో పది పదిహేను నిమిషాలు ఓర్చుకుంటే దిగిపోతాం. మద్రాసు నుంచి సింగపూరుకు ఇంచుమించు వారం రోజులు పట్టేది.

నా తప్పు: టన్ను అంటే బరువు కాదు!

‘రాజుల’ ఎంత పెద్దదని చూస్తే ‘సుమారు 8,500 టన్నులు’ అని ఉన్నది. టైటానిక్ 46,328 టన్నులు. నేను ఇన్నాళ్ళూ ఇది ఓడ బరువే అనుకున్నాను. కాదు.

ప్రయాణీకుల ఓడలకు సాధారణంగా చెప్పే ఈ లెక్కను ‘స్థూల టన్నేజి’ అంటారు. ఇది బరువును కాదు, ఓడ లోపలి ఘనపరిమాణాన్ని చెబుతుంది. ఆ రోజుల లెక్క ప్రకారం ఒక టన్ను అంటే 100 ఘనపుటడుగుల చోటు, అంటే 2.83 ఘనమీటర్లు. సరుకులతో, మనుషులతో నిండిన టైటానిక్ అసలు బరువు సుమారు 52,000 టన్నులు. రెండు అంకెలూ దగ్గరగా ఉండడంతో నేను పొరబడ్డాను.

సరే, తప్పు తెలిసింది కనుక దానితోనే ఒక లెక్క చేద్దాం. కాగితం తీయండి.

టైటానిక్: 46,328 × 2.83 = సుమారు 1,31,000 ఘనమీటర్లు. 1912లో మునిగిన ఆ ప్రయాణంలో సిబ్బందితో కలిపి సుమారు 2,200 మంది ఉన్నారు. భాగిస్తే మనిషికి దాదాపు 60 ఘనమీటర్లు. అంటే 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఒక గది.

‘రాజుల’: 8,500 × 2.83 = సుమారు 24,000 ఘనమీటర్లు. 5,000 మందితో భాగిస్తే మనిషికి 4.8 ఘనమీటర్లు. అంటే మన ఇళ్ళలోని ఇనుప బీరువాలు ఐదు పేర్చినంత చోటు. ఇందులోనే బాయిలర్లు, ఇంజన్లు, సరుకుల గదుల వాటా కూడా కలిసి ఉన్నది. అది తీసేస్తే మనిషికి మిగిలేది ఇంకా తక్కువ.

టైటానిక్‌లో మనిషికి ఉన్న చోటులో ఇక్కడ పన్నెండవ వంతు. కథలు రాసింది ఆ ఓడ మీద. జనాన్ని మోసింది ఈ ఓడ.

ఐదువేలమందితో ఓడ ఎంత దిగింది?

ఇప్పుడు మీకు అనుమానం రావాలి. ఇంతమంది ఎక్కితే ఓడ మునగదా? ఇది ఆర్కిమెడిస్ సూత్రంతో తేల్చవలసిన ప్రశ్న. తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువుగల నీటిని పక్కకు తొలగిస్తుంది. కొత్తగా బరువు ఎక్కితే ఓడ ఇంకాస్త దిగి, అంతే బరువు నీటిని అదనంగా తొలగించాలి.

మూటముల్లెతో కలిపి మనిషికి 60 కిలోలు అనుకుందాం. 5,000 మందికి 3,00,000 కిలోలు, అంటే 300 టన్నులు (ఇది నిజంగా బరువే!). సముద్రపు నీరు ఘనమీటరుకు సుమారు 1.025 టన్నుల బరువు ఉంటుంది. కనుక తొలగవలసిన నీరు 300 ÷ 1.025 = సుమారు 293 ఘనమీటర్లు.

నీటిమట్టం దగ్గర ఓడను అడ్డంగా కోసినట్లు ఊహిస్తే దాని వైశాల్యం ఎంత? పొడవు 140, వెడల్పు 19 మీటర్లు. రెండు కొనలూ సన్నబడతాయి కనుక అందులో ముప్పాతిక వంతు, అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు అనుకుందాం. 293ని 2,000తో భాగించండి. 0.146 మీటరు, అంటే దాదాపు 15 సెంటీమీటర్లు.

మీ జామెట్రీ పెట్టెలోని చిన్న స్కేలు తీసి చూడండి. ఐదువేలమంది ఎక్కినా ఓడ దిగింది ఆ స్కేలు పొడవు మాత్రమే! ఓడ బరువు ముందు మనుషుల బరువు అంత స్వల్పం. నీటికి, ఇనుముకు ఎలాంటి ఇబ్బందీ లేదు.

మరి ఇబ్బంది ఎవరికి?

ఇబ్బంది మనిషికి. ఓడ మోయగలదా అన్నది ఒక లెక్క. మనిషి ఓర్చుకోగలడా అన్నది ఇంకో లెక్క. ఆ రెండవ లెక్కను కూడా సైన్సుతోనే చేయవచ్చు.

మొదట వేడి. ఊరికే కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని వెలువరిస్తుంది. పాతకాలపు 100 వాట్ల బల్బు గుర్తున్నదా? దానిని ముట్టుకుంటే చేయి కాలేది. ఐదువేలమంది అంటే అలాంటి ఐదువేల బల్బులు రాత్రింబవళ్ళు వెలుగుతున్నట్లు లెక్క. మొత్తం 500 కిలోవాట్లు. బంగాళాఖాతంలో గాలిలోనే తేమ ఎక్కువ కనుక చెమట త్వరగా ఆరదు. చెమట ఆరకపోతే శరీరం చల్లబడదు. కింది అంతస్తుల్లో ఉన్నవారి సంగతి ఆలోచించండి. ఆనాటి ఓడల ఫొటోలలో డెక్కు మీద వంగిన సన్నాయి బూరల్లాంటి పెద్ద గొట్టాలు కనిపిస్తాయి. అవి గాలిని పట్టి కింది అంతస్తులకు పంపే గొట్టాలు. ఓడ ఆగినా, గాలి స్తంభించినా వాటివల్ల ప్రయోజనం తక్కువే.

తరువాత నీరు. చుట్టూ సముద్రమే అయినా తాగడానికి చుక్క పనికిరాదు. తాగడానికీ వంటకూ కలిపి మనిషికి రోజుకు 5 లీటర్లు అనుకున్నా రోజుకు 25,000 లీటర్లు, వారానికి 175 టన్నుల మంచినీరు కావాలి. మనుషుల బరువులో సగానికి మించి నీళ్ళే మోయాలన్నమాట.

మూడవది ప్రాణరక్షణ. టైటానిక్‌లో 20 పడవలే ఉండేవి. వాటిలో పట్టేది 1,178 మంది. సుమారు 1,500 మంది చనిపోయారు. ఆ దుర్ఘటన తర్వాత పలు దేశాలు 1914లో లండన్‌లో సమావేశమై, ఓడలో ఉన్న ప్రతి ఒక్కరికీ పడవలో చోటుండాలని ఒప్పందం రాసుకున్నాయి. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. 1929లో మళ్ళీ కొత్త ఒప్పందం చేసుకున్నారు.

పాఠ్యపుస్తకాలు ఇక్కడితో ఆపేస్తాయి. కాని ఆ 1929 ఒప్పందంలోనే ఒక మినహాయింపు ఉన్నది. డెక్కు ప్రయాణీకులను పెద్దసంఖ్యలో తీసుకుపోయే ఓడల విషయంలో ఈ నిబంధనలు పాటించడం సాధ్యం కాదనుకుంటే వేరే నియమాలు పెట్టుకోవచ్చునన్నారు. ఆ వేరే నియమాలను 1931లో మన దేశంలోనే, సిమ్లాలో రాశారు. వాటిని సిమ్లా నియమాలు అంటారు. హజ్ యాత్రీకులు, కూలీలు ఎక్కే ఓడలకు ఇవే వర్తించేవి.

ప్రాణం అందరిదీ ఒకటే. కాని చౌక టికెట్టు వాడికి వేరే లెక్క కట్టారు. 1971లో డెక్కు ప్రయాణీకుల ఓడలకు కొత్త అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. ఒక్కొక్కరికీ కనీసం ఎంత చోటుండాలో చెప్పే అనుబంధం 1973లో వచ్చింది.

టికెట్టు చౌక ఎలా అయింది?

చౌక టికెట్టుకు కారణం కిక్కిరిసిన జనం మాత్రమే కాదు, నిదానం కూడా. ‘రాజుల’ వేగం గంటకు సుమారు 13 నాట్లు. ఒక నాటు అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. కనుక గంటకు 24 కిలోమీటర్లు. పంజాగుట్ట రద్దీలో మన సిటీ బస్సు పోయినంత!

అదే కాలంలో అట్లాంటిక్ సముద్రం మీద ‘మారిటేనియా’ అనే బ్రిటిష్ ఓడ తిరిగేది. 1907లో మొదటి ప్రయాణం చేసిన ఈ ఓడ వేగం 26 నాట్ల వరకు ఉండేది. సరిగ్గా రెండింతలు. రెండింతల వేగానికి రెండింతల బొగ్గు చాలునా? చాలదు. నీటి నిరోధం ఇంచుమించు వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. కావలసిన సామర్థ్యం వేగపు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. అంటే ఒకే ఓడను రెండింతల వేగంతో నడపాలంటే ఎనిమిదింతల సామర్థ్యం కావాలి. ప్రయాణకాలం సగమే కనుక, అదే దూరానికి కాలే ఇంధనం నాలుగింతలు. నిదానంగా పోయే ఓడ తక్కువ ఖర్చుతో పోతుంది. ఈ సూత్రం ఈనాటి సరుకుల ఓడలకూ వర్తిస్తుంది.

ఇంజన్లోనూ ఇలాంటి పొదుపే ఉండేది. ఒక లీటరు నీరు ఆవిరయితే మామూలు వాతావరణ పీడనం దగ్గర సుమారు 1,700 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ వ్యాకోచమే ముషలకాన్ని నెడుతుంది. ఆవిరిని ఒక సిలిండరులో వాడి వదిలేస్తే అందులో మిగిలిన శక్తి వృథా. అందుకని ఆనాటి ఓడలలో ఒక సిలిండరు వదిలిన ఆవిరిని రెండవదానిలోకి, అక్కడినుంచి మూడవదానిలోకి పంపేవారు. ఒకే చెరకు గడను మూడుసార్లు గానుగలో పెట్టినట్లు! ముందుకుపోయేకొద్దీ ఆవిరి పీడనం తగ్గుతుంది. బలం = పీడనం × వైశాల్యం కదా. పీడనం తగ్గినా బలం తగ్గకూడదంటే వైశాల్యం పెరగాలి. అందుకే తరువాతి సిలిండర్లు ఒకదానికంటే ఒకటి వెడల్పుగా ఉంటాయి. చివరకు ఆవిరిని చల్లార్చి నీరుగా మార్చి మళ్ళీ బాయిలరుకే పంపుతారు. ఉప్పునీరు పోస్తే బాయిలరు లోపల పెచ్చులు కడుతుంది కనుక మంచినీటిని ఇలా తిప్పి తిప్పి వాడవలసిందే.

తోబుట్టువు కథ

‘రాజుల’కు ఒక జంట ఓడ ఉండేది. పేరు ‘రోహ్నా’. అదీ 1926లోనే, అదే కంపెనీకి, అదే దారికోసం తయారయింది. రెండవ ప్రపంచయుద్ధంలో రెండు ఓడలనూ సైనికులను మోయడానికి తీసుకున్నారు. 1943 నవంబరు 26న మధ్యధరా సముద్రంలో, అల్జీరియా తీరం దగ్గర, అమెరికన్ సైనికులతో మన దేశం వైపు వస్తున్న ‘రోహ్నా’ మీద జర్మన్ విమానం ఒక కొత్తరకం బాంబు వేసింది. ఆ బాంబుకు రెక్కలున్నాయి. విమానంలో కూర్చున్న మనిషి రేడియో తరంగాలతో దానిని అటూ ఇటూ తిప్పగలడు. నేటి గైడెడ్ క్షిపణులకు ఇది ముత్తాత లాంటిది. గురి తప్పలేదు. వెయ్యిమందికి పైగా అమెరికన్ సైనికులు, వారితోపాటు ఓడ సిబ్బందిలో చాలామంది చనిపోయారు. పడవలు ఉన్నా చాలావాటిని సరిగా నీటిలోకి దించలేకపోయారు. పడవలు ఉండడం ఒక సంగతి, అవి సమయానికి పనిచేయడం ఇంకో సంగతి అని ఆ రోజు మళ్ళీ రుజువయింది.

‘రాజుల’ మాత్రం బతికి బయటపడింది. యుద్ధం ముగిశాక మళ్ళీ మద్రాసు-సింగపూరు దారి పట్టింది. ఈసారి ఐదువేలమందిని ఎక్కించలేదు. డెక్కు ప్రయాణీకుల సంఖ్యను బాగా తగ్గించారు. ఓడ అదే, సముద్రం అదే. మారింది మనిషిని లెక్కపెట్టే పద్ధతి.

విమానం వచ్చింది

1970లో జంబో జెట్ విమానాలు ప్రయాణీకులను మోయడం మొదలుపెట్టాయి. వారం రోజుల ప్రయాణం కొద్ది గంటల్లోకి వచ్చింది. 1973లో, 47 ఏళ్ళ వయసులో, ‘రాజుల’ను మన షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కొని ‘రంగత్’ అని పేరు మార్చింది. రంగత్ అండమాన్‌లోని ఒక ఊరు. అయితే ముసలి ఓడ ఎక్కువకాలం నడవలేదు. 1974లో బొంబాయిలో దానిని విడగొట్టి పాత ఇనుముగా మార్చారు.

ఈనాడు మన అమీర్‌పేటలో ఏదో ఒక కంప్యూటరు కోర్సు నేర్చుకొని, విదేశాలకు పోవాలనుకునే అన్నయ్యలూ అక్కయ్యలూ ఎంతోమంది కనిపిస్తారు. 2008 వరకు బేగంపేటలో, ఆ తరువాత శంషాబాదులో విమానం ఎక్కి సముద్రాలు దాటుతున్నారు. వారికి టికెట్టు మీద సీటు నంబరు ఉంటుంది. సీటు కింద లైఫ్ జాకెట్టు ఉంటుంది. ప్రతి ఒక్కరికీ ఒకటి, లెక్క తప్పదు. ఆ లెక్క ఆకాశం నుంచి ఊడిపడలేదు. చాపంత చోటులో వారం రోజులు సముద్రం మీద పడుకున్నవారి తరువాత, ఎన్నో ఏళ్ళకు కుదిరిన లెక్క అది.

మా తరగతిలోని అమ్మాయికి ఈ సంగతులన్నీ చెప్పాను. బల్ల మీద ‘46,328 టన్నులు’ పక్కన ‘ఇది బరువు కాదు’ అని నా చేతితోనే రాశాను.

చేసి చూడండి

ఒక వెడల్పాటి బకెట్టులో నీరు పోసి స్టీలు టిఫిన్ డబ్బాను తేల్చండి. నీరు తాకినచోట స్కెచ్ పెన్నుతో గీత గీయండి. ఇప్పుడు డబ్బా అడుగున సమంగా పది రూపాయి నాణేలు పరచండి. డబ్బా ఎంత దిగిందో కొలవండి. తరువాత పది నాణేలనూ ఒకే పక్కకు జరపండి. బరువు మారలేదు, అయినా డబ్బా ఒరుగుతుంది. ఇంకా పది నాణేలు చేర్చి అదే పక్కకు పేర్చి చూడండి. ఓడలో జనం భయపడి ఒకే వైపుకు పరుగెత్తకూడదని ఎందుకంటారో మీకే తెలుస్తుంది.

ఆలోచించండి

1. అదే 300 టన్నుల బరువుతో ‘రాజుల’ మంచినీటిలో తేలితే 15 సెంటీమీటర్లకంటే ఎక్కువ దిగుతుందా, తక్కువా? (మంచినీటి సాంద్రత ఘనమీటరుకు 1 టన్ను.)

2. మీ తరగతి గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి ఘనపరిమాణం కనుక్కోండి. దానిని విద్యార్థుల సంఖ్యతో భాగించండి. మీ వంతు చోటు టైటానిక్‌కు దగ్గరగా ఉన్నదా, ‘రాజుల’కు దగ్గరగా ఉన్నదా?

3. మీ ఇంట్లో పెద్దవారిని అడగండి. మీ బంధువులలో ఓడెక్కి రంగూన్ గాని, మలయా గాని పోయినవారు ఉన్నారా? ఉంటే వారి పేరు, ఊరు, పోయిన ఏడు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. చెప్పేవారు ఉన్నప్పుడే అడగాలి.